సైకిలు సవారీ – ఒడలి నొప్పులు

ఈ మాసమున మేము వ్రాయబూనినది వంటను గూర్చి కాదు, వ్రతమును గూర్చియు కాదు. సైకిలు సీటును గూర్చి. సోదరీమణులు నవ్వవచ్చును. కొన్ని నెలల క్రిందట మఱియొకరు ఇట్లు వ్రాసియుండిన మేమును నవ్వియే యుందుము. కాని సీటు ఆఱు సెంటీమీటర్లు దిగియున్నందున ఒక పిల్ల తన దేహమునే నిందించుకొనుట కన్నులార చూచిన పిదప మాకు నవ్వు రాలేదు.

మా ఆడబిడ్డ కూతురు ఇంటరు పరీక్షలు ముగించి వేసవి సెలవులకు చెన్నూరునకు మా యింటికి వచ్చినది. హైదరాబాదులో ఉద్యోగము చేయు దాని అన్న తనకు క్రొత్త సైకిలు కొనుక్కొని, పాత రోడ్డు సైకిలును చెల్లెలికి పంపెను. రోడ్డు సైకిలనగా మన బడిపిల్లలు త్రొక్కెడి సైకిలు వంటిది కాదు. టైర్లు సన్ననివి, సీటు ఇరుకైనది, హ్యాండిలు పొట్టేలి కొమ్ములవలె ముందుకు వచ్చి క్రిందికి వంగియుండును. దానిపై కూర్చున్నవారు సగము వంగియే పోవలెను.

పిల్ల కోడికూతకు లేచి, మంచిర్యాలకు పోవు జాతీయ రహదారిపై భీమారము దిక్కునకు పోయి, ఎండ ముదురకమునుపే తిరిగి వచ్చెడిది. మొదటి వారమంతయు దాని ముఖమున వెలుగే. రెండవ వారమున అరచేతులు తిమ్మిరెక్కుచున్నవనెను. మూడవ వారమున మెడయు నడుమును పట్టుకొన్నవి. నాల్గవ వారమున మోకాలిచిప్పకు ముందు నొప్పి. ఐదవ వారమున సైకిలు గోడకు చేఱినది.

మా అత్తగారు ఊరకుండిరా? “ఆడపిల్లకు ఈ వంగుడేందమ్మా? దాని పెయ్యి ఒప్పుకుంటలేదు. ఇడిసిపెట్టుమను” అనిరి. అందుకు మాకు చింత లేదు. పెద్దలు ప్రేమచేత అట్లే అందురు. కాని పిల్ల తలవంచుకొని, “అమ్మమ్మ చెప్పిందే నిజం, అత్తమ్మా. నా పెయ్యే సరిగ్గ లేదు. అన్న ఇదే సైకిల్ మీద రెండు వందల కిలోమీటర్లు పోయిండు” అన్నది. ఆ మాట మమ్ము నొప్పించినది. దాని అన్న పోయినది బ్రెవే యను దూరపు సవారీ. ఫ్రాన్సు దేశమున పుట్టిన పద్ధతి యిది. పందెము కాదు గాని, 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగింపవలెనను నియమము కలదు. అన్నకు లేని నొప్పి తనకు వచ్చెను గనుక తప్పు తన ఒడలిదే యని పిల్ల తీర్మానించుకొనెను. ఆ సైకిలు తన కొలతకు అమర్చినదేనా యని దానికి తోచలేదు, మాకును తోచలేదు.

పతంజలి తన యోగసూత్రములలో ఆసనమునకు చెప్పిన లక్షణములు రెండే: అది స్థిరముగా నుండవలెను, సుఖముగా నుండవలెను. సైకిలెక్కినను అవే రెండు లక్షణములు చాలునని మాకు తోచినది. అంతట మా వారు గోడకు చేఱిన సైకిలును వసారాలోనికి తెచ్చి, కొలత టేపు, దారము, తాపీపనివారి రసమట్టము, పానాలు ముందుంచుకొని కూర్చుండిరి. మేము నోటు పుస్తకము పట్టితిమి.

ముందు ఈ నొప్పుల మూలము తెలిసికొందము. సైకిలుపై మన భారము మూడు చోట్ల నిలుచును: సీటు, హ్యాండిలు, పెడళ్ళు. మామూలు సైకిలుపై వెన్ను నిటారుగా నుండుటచేత భారములో హెచ్చుపాలు సీటే మోయును. రోడ్డు సైకిలుపై, గాలి ఎదురును తగ్గించుటకై మొండెము ముందుకు వంగును. అప్పుడు కొంత భారము చేతులపై పడును. కావున వంగుట దోషము కాదు. వంగినప్పుడు భారము పడరానిచోట పడుట దోషము. మఱియొక చిక్కు కలదు: తప్పు ఒకచోట నుండగా నొప్పి వేఱొకచోట తేలును. హ్యాండిలు దూరమైన మెడ నొచ్చును. సీటు దిగినచో మోకాలు నొచ్చును. అందుచేతనే నొచ్చినచోట తైలము రాచి ఊరకుండిన ప్రయోజనము కనబడదు.

మొదటిది సీటు ఎత్తు. ఊరి దుకాణములో సైకిలు బిగించినవారు, అలవాటు ప్రకారము, కూర్చుండగానే రెండు పాదములు నేల కానునట్లు సీటును దించియుండిరి. పిల్ల పడదని వారి దయ. కాని ఇట్లు దించినచో పెడలు త్రొక్కిన ప్రతిసారియు మోకాలు మితిమీఱి ముడుచుకొని, చిప్ప వెనుక ఒత్తిడి హెచ్చును. గంట సవారీలో పెడలు నాలుగైదు వేలసారులు తిరుగును. అన్నిసారులును ఆ చిప్ప నలుగవలసినదే.

కొలుచు విధమిది. వట్టి కాళ్ళతో గోడ కానుకొని నిలిచి, కాళ్ళ నడుమ ఒక మందపు పుస్తకమును సీటువలె పైకి ఒత్తి పట్టి, దాని పైఅంచు నుండి నేల వఱకు కొలువుమని చెప్పుదురు. సరస్వతిని అట్లు చేయ మాకు మనసొప్పక రసమట్టమునే పట్టితిమి; అది మట్టముగా నున్నదో లేదో కూడ అదే చెప్పును. పిల్ల కాలి కొలత 74 సెంటీమీటర్లు. ఇంగ్లండులో హామ్లీ, థామస్ అను ఇద్దరు పరిశోధకులు 1967లో తేల్చిన లెక్క ప్రకారము, పెడలు అడుగున నున్నప్పుడు పెడలు నుండి సీటు పైభాగము వఱకు ఉండవలసిన దూరము ఈ కొలతకు నూటికి 109 వంతులు. అనగా 80.7 సెంటీమీటర్లు. మా సైకిలుపై కొలువగా 75! పిల్ల నెలదినములు పొట్టిపీటపై కూర్చుండి కొండ నెక్కినట్లు త్రొక్కినదన్నమాట.

లెక్కలు రానివారికి సులభోపాయము కలదు. గోడను ఒక చేత పట్టుకొని సీటుపై సమముగా కూర్చుండి, మడమను పెడలుపై నుంచి అడుగునకు త్రొక్కవలెను. మోకాలు బిగియక తిన్నగా చాపుకొనినచో ఎత్తు సరియైనట్లే. పిమ్మట పాదము ముందుభాగమును, అనగా బొటనవ్రేలి మొదటనున్న ఎముక గల తావును, పెడలు ఇరుసుపై నుంచినచో మోకాలు తనంతతానే 25 మొదలు 35 డిగ్రీల వఱకు వంగియుండును. సీటు మితిమీఱి ఎత్తైనను కీడే: మోకాలి వెనుక లాగును, తుంటి ఇటునటు ఊగును. సవారిచేయువారిని వెనుకనుండి చూచిన ఆ ఊపు కనబడును. మేము ఒక్కసారిగా ఎత్తక, రెండు మూడు సవారీలకొక సెంటీమీటరు చొప్పున ఎత్తించి, తుంటి ఊగుట కనబడగానే కొంచెము దించి, 80 వద్ద ఆపితిమి. సీటు పైపుపై ‘ఇంతకు మించి పైకి తీయరాదు’ అను గీత యుండును, దానిని దాటరాదు.

“ఇంత ఎత్తుంటే కాళ్ళు కింద ఆనవు గదా, అత్తమ్మా?” అని పిల్ల భయపడినది. ఆనవలసిన పని లేదు. ఆగునప్పుడు సీటు విడిచి ముందుకు దిగి, సైకిలును ఒక ప్రక్కకు ఒరిగించి, ఒక కాలు నేల మోపవలెను. రద్దీ లేనిచోట ఒక పూట అభ్యసించిన చాలును.

రెండవది సీటు ముందువెనుకలు. పెడళ్ళు రెండును ఒకే మట్టమున నుండగా, ముందరి మోకాలిచిప్ప క్రిందనుండి దారమునకు గట్టిన తాళపుచెవిని వ్రేలాడవిడువవలెను. దారము పెడలు ఇరుసుపై పడినచో ఇంచుమించు సరి. మా సీటు పొడవరియైన అన్నకై వెనుకకు జరిపినది కాబట్టి, ఒకటిన్నర సెంటీమీటరు ముందుకు తెచ్చితిమి. హ్యాండిలు అందలేదని సీటును ఇష్టము వచ్చినంత ముందుకు లాగువారు కలరు, అది తగదు. అందని హ్యాండిలునకు మందు హ్యాండిలు వద్దనే కలదు.

మూడవది సీటు వాలు. ఇది ప్రత్యేకముగా మన కొఱకు వ్రాయుచున్నాము. సీటు ముక్కు పైకి లేచియున్నచో అది మెత్తనిచోట ఒత్తుకొనును; ఆ ఒత్తిడి తప్పించుకొనుటకై మనకు తెలియకయే నడుమును వెనుకకు గూని చేసెదము; అందుచే నడుము నొచ్చును. ఇజ్రాయేలు వైద్యులు 1999లో ప్రకటించిన యొక పరిశీలనలో, నడుమునొప్పి గల సైకిలువారికి సీటు ముక్కును 10 మొదలు 15 డిగ్రీలు క్రిందికి వంచగా, నూటికి డెబ్బదికి పైగా చక్కని ఉపశమము కనబడెను. అయినను అంత వాలు అందఱకు పొసగదు. హెచ్చు వంచిన ఒడలు ముందుకు జాఱి భారమంతయు అరచేతులపై పడును. మొదట రసమట్టముతో సమము చేసి, అవసరమైన రెండు మూడు డిగ్రీలు వంచి చూచుట మేలు.

ఇచ్చట మా తప్పొకటి ఒప్పుకొనవలెను. పిల్ల చేతులు, మెడ, నడుము, మోకాలు అన్నిటిని చెప్పినది గాని, సీటు ఒరసి పుండైన సంగతిని నెలదినములు చెప్పలేదు. మేము అడుగను లేదు. వాలు సరిచేయుచు మెల్లగా అడిగిన పిదపనే కంట నీరు పెట్టుకొని చెప్పినది. దుకాణము మనిషితో చెప్పుటెట్లు, అన్నతో చెప్పుటెట్లు, మామయ్య ముందర చెప్పుటెట్లు? సిగ్గుచేత దాచిన నొప్పియే అన్నిటికంటె దానిని సైకిలునకు దూరము చేసినది. తల్లులారా, పిన్నమ్మలారా, ఇది మీరే అడుగవలెను.

కూర్చున్నప్పుడు భారము మోయవలసినవి పిఱుదుల క్రిందనున్న రెండు ఎముకలు. సామాన్యముగా స్త్రీలకు వీని నడుమ దూరము పురుషులకంటె హెచ్చు. అన్న సీటు చెల్లెలికి ఇరుకైనచో భారము ఎముకలపై గాక మెత్తని కండపై పడును. గట్టి పీటపై, పొరలుగల అట్టపెట్టె ముక్క పఱచి, కొంచెము ముందుకు వంగి కూర్చుండి లేచిన రెండు గుంటలు పడును. వాని నడుమ దూరమునకు రెండు సెంటీమీటర్లు చేర్చిన ఇంచుమించు కావలసిన సీటు వెడల్పు వచ్చును. మఱీ మెత్తని దిండువంటి సీటు మేలని తలంపవద్దు. ఎముకలు అందులో దిగబడి, దిండు నడుమకు ఉబికి ఒత్తును. నడుమ కాలువవంటి సందుగల సీటు అనేకులకు సుఖమిచ్చును. లోదుస్తుల కుట్లు ఒరయుటయు పుండ్లకు కారణమే. సైకిలువారు తొడుగు మెత్తగల నిక్కరును లోదుస్తులు లేకయే తొడుగవలెను. దానిపై వదులు చుడిదారు వేసికొన్నను అభ్యంతరము లేదు, కాలి అంచు మాత్రము చైనులో పడకుండ కట్టుకొనవలెను. ఇంటికి రాగానే స్నానము చేసి పొడిబట్ట కట్టుట మఱువరాదు.

నాల్గవది హ్యాండిలు. చేయి చాపి బ్రేకు పిడులపై నుంచినప్పుడు మోచేయి కొంచెము వంగియుండవలెను. భుజములు చెవుల వద్దకు లేవరాదు. మా పిల్ల చేతులు కఱ్ఱలవలె బిగిసియుండెడివి. హ్యాండిలును సైకిలునకు కలుపు స్టెమ్ము అను చిన్న ముక్క 11 సెంటీమీటర్ల పొడవున్నది. దాని అన్న 8 సెంటీమీటర్లదానిని కొని పంపగా, దానిని కొంచెము పైకి లేచునట్లు బిగించిరి. హ్యాండిలు దగ్గఱకు, పైకి వచ్చినది. మెడ ఎత్తిచూచు శ్రమ తగ్గినది. బ్రేకు పిడులలో నుండు చిన్న మరను త్రిప్పి, పిడిని చిన్న చేతికి అందునట్లు దగ్గఱకు తెచ్చుటకు అనేక సైకిళ్ళలో వీలు కలదు. హ్యాండిలు వెడల్పు భుజముల వెడల్పునకు సరిపోవలెను. మాది హెచ్చే గాని, వ్యయమునకు వెఱచి దానిని అట్లే యుంచితిమి.

తిమ్మిరి సంగతి. ఉంగరపు వ్రేలు, చిటికెన వ్రేలు మొద్దుబాఱినచో, అరచేతి వెలుపలి అంచున పోవు నరము నలుగుచున్నదని గ్రహింపవలెను. మణికట్టును విఱిచి పట్టక తిన్నగా నుంచవలెను; ఒకేచోట పట్టుకొని పోరాదు. పొట్టేలి కొమ్ములకు మూడు పట్టులు కలవు: పైన అడ్డముగా నున్న తావు, బ్రేకు పిడుల తల, క్రింది వంపు. కొన్ని నిమిషముల కొకసారి చేతులు మార్చుటకే ఆ వంపు. టైరులో గాలియు చూడుడు. మా టైర్లలో 110 పౌండ్ల గాలి కొట్టించియుండిరి. ఏబది కిలోల పిల్లకు అంత అక్కఱలేదు. 80కి దించగా రోడ్డు గతుకులు చేతికి తగులుట తగ్గినది.

ఇన్నిటిలో ఒకదానిని మార్చి, రెండు మూడు దినములు చూచి, పిదప మఱియొకదానిని మార్చవలెను. పాతచోటికి గుఱుతుగా అంటుపట్టీ వేసి, కొలత వ్రాసి యుంచవలెను. అన్నియు ఒకేసారి మార్చిన ఏది మేలుచేసెనో తెలియదు. కొలతలు సరియైనను దూరమును క్రమముగానే పెంచవలెను. సైకిలు దిగిన పిదపకూడ తిమ్మిరి దినములకొలది వదలనిచో, వ్రేళ్ళలో పట్టు తగ్గినచో, నొప్పి నడుమునుండి కాలిలోనికి జివ్వున పాఱినచో, మోకాలు వాచినచో, టేపును ప్రక్కనుంచి వైద్యునికి చూపవలెను.

మగవారి కొలతకు చేసిన సైకిలుపై ఆడవారు సర్దుకొనుట క్రొత్త సంగతి కాదు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చినప్పుడు, ఆడవారి సైకిళ్ళు చాలక అనేకులు మగవారి సైకిళ్ళనే ఎక్కిరి. వారి ధైర్యము కొనియాడదగినది. కాని ధైర్యమొక్కటే మోకాలిని కాపాడదు. అమెరికాలో జార్జీనా టెర్రీ యను ఇంజనీరు 1985లో స్త్రీల సైకిళ్ళకై ప్రత్యేకముగా ఒక సంస్థను స్థాపించినది. పొట్టి స్త్రీల కొఱకు ముందరి చక్రమును చిన్నది చేసి, సీటునకు హ్యాండిలునకు నడుమ దూరము తగ్గించి ఆమె సైకిళ్ళు చేయించినది. దేహము సైకిలునకు అమరుట కాదు, సైకిలే దేహమునకు అమరవలెనని ఆమె పని సారాంశము.

మా పిల్ల సంగతి చెప్పి ముగించెదము. పుండు మాని, మూడు వారములలో చేతి తిమ్మిరి, మెడనొప్పి పోయినవి. మోకాలు మెల్లమెల్లగా సరియైనది. దూరము పోయినప్పుడు నడుము ఇంకను కొంచెము పట్టుచున్నదట. హ్యాండిలు వెడల్పు కారణమా, అభ్యాసము చాలకయా, ఇంకను చూడవలెను. భీమారము దాటి జైపూరు వఱకు పోయి వచ్చిననాడు అమ్మమ్మ ముందర నిలిచి, “నా పెయ్యి మంచిగనే ఉంది, అమ్మమ్మా! సీటే సరిగ్గ లేకుండె” అన్నది. ఇప్పుడు డిగ్రీ చదువునకు హైదరాబాదు చేఱినది. సైకిలును వెంట తీసికొనిపోయినది. అచ్చట బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023లో తెఱచిన ఇరువదిమూడు కిలోమీటర్ల సైకిలు బాటపై సెలవుదినములలో త్రొక్కుచున్నదని జాబు వచ్చినది.

అది పోయిన మఱునాడు మేము టేపును పెట్టెలో పెట్టబోగా మా అత్తగారు ఆపి, “ఆగమ్మా, గా వంటగట్టు కొలువు. ముప్పయ్యేండ్ల సంది నా భుజాలు గుంజుతున్నయి” అనిరి. కొలిచితిమి. నిలిచి చేయు తేలికపనికి గట్టు మోచేతికంటె పది సెంటీమీటర్లు క్రిందుగా నుండుట మేలందురు. మా గట్టు వారి మోచేతితో సరిసమానముగా నున్నది. దానిని కట్టిన మేస్త్రి తన ఎత్తునకు కట్టుకొనెను కాబోలు. అత్తగారు నిలుచుటకు వెడల్పైన, కదలని చెక్కపలక నొకదానిని చేయించితిమి.

ముప్పది యేండ్లు! సోదరీమణులారా, “నా ఒడలే ఇంత” యని అనుకొనుటకు ముందు ఒక్కసారి కొలత టేపు తీయుడు.